మంచం పక్కనే బడి

కర్నూలు నుంచి కడపకు పోయే జాతీయ రహదారి మీద ఆళ్లగడ్డ వస్తుంది. అక్కడ నల్లమల వైపు తిరిగి సుమారు పాతిక కిలోమీటర్లు పోతే అహోబిలం. నవ నరసింహులను చూడబోయే భక్తులు ఆళ్లగడ్డ శిల్పశాలల ముందు ఒక్క నిమిషమైనా ఆగుతారు. అక్కడ పెద్ద శిల్పి విగ్రహం ముఖం తీరుస్తుంటాడు. పక్కన కుర్రవాడు పీఠం మీద తామర రేకులు చెక్కుతుంటాడు. పెద్దాయన తన పని సాగిస్తూనే వాడి ఉలి కోణం సరిచేస్తాడు. నేర్పడం కోసమని ఆయన చెక్కడం మానుకోడు.

నర్సింగ్‌లో మనం దీనికి తలకిందులుగా నడుస్తున్నాం. పదేళ్లు వార్డులో నిలబడి, ఎండిపోయిన చేతిలోనూ నరం దొరికించుకునే నేర్పు సంపాదించిన నర్సు పిల్లలకు పాఠం చెప్పాలనుకుంటే ముందు ఆ వార్డును వదిలిపెట్టాలి. కాలేజీలో ట్యూటర్‌గా చేరాక ఆమెకు రోగి మీద బాధ్యత ఉండదు. వార్డులో మిగిలిన సిస్టర్‌కు విద్యార్థి మీద బాధ్యత ఉండదు. ఈ ఇద్దరి మధ్యా రికార్డు పుస్తకం పట్టుకుని నిలబడేది పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల అమ్మాయి. కర్నూలులోనో నంద్యాలలోనో ఇవాళ అలా నిలబడిన అమ్మాయే రేపు ఏ మారుమూల ఊళ్లోనో ఒంటరిగా కాన్పు చూడాల్సి వస్తుంది.

సేవ, బోధన అనే ఈ రెండు వృత్తులను ఒకే మనిషి ఒకే జీవితంలో, ఒకే వారంలో కూడా చేయవచ్చా? చేయవచ్చు. చేసినవాళ్లు ఉన్నారు. చేయించిన సంస్థలూ ఉన్నాయి. మన వ్యవస్థే వాళ్లకు దారి ఇవ్వడం లేదు.

రెండు నిచ్చెనలు

జనరల్ నర్సింగ్ అయితే మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ అయితే నాలుగేళ్లు. చదువు అయ్యాక అమ్మాయి ముందు రెండు నిచ్చెనలు ఉంటాయి. స్టాఫ్ నర్సుగా చేరితే హెడ్ నర్సు, ఆ తర్వాత నర్సింగ్ సూపరింటెండెంట్. ట్యూటర్‌గా చేరితే అసిస్టెంట్ ప్రొఫెసర్, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్, ప్రిన్సిపాల్. ఒక నిచ్చెన మీద నుంచి ఇంకోదాని మీదికి దూకవచ్చు గానీ, దూకినవాళ్లు మళ్లీ కింది మెట్టు నుంచే మొదలుపెట్టాలి.

భారతీయ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన అర్హతలు చూస్తే సంగతి అర్థమవుతుంది. బీఎస్సీ చదివి ఒక ఏడాది అనుభవం ఉంటే ట్యూటర్ కావచ్చు. ఎమ్మెస్సీకి కూడా అంతకుముందు ఏడాది అనుభవం చాలు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఎమ్మెస్సీతో పాటు మూడేళ్ల బోధనానుభవం కావాలి. ప్రొఫెసర్ కావాలంటే 12 ఏళ్ల అనుభవం ఉండాలి, అందులో 10 ఏళ్లు బోధనలోనే గడిచి ఉండాలి. అంటే ఐసీయూలో గడిపిన పదేళ్లకు ఆ లెక్కలో దక్కేది రెండేళ్ల విలువే. రెండో వైపూ అంతే. వార్డులో ఉంటూ వందలమంది విద్యార్థినులకు చేయి పట్టి పని నేర్పిన ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కు ఆ నేర్పినందుకు పదోన్నతిలో ఒక్క మార్కూ కలవదు.

దీని ఫలితం కళ్ల ముందే ఉంది. పాఠం చెప్పాలన్న కోరిక ఉన్న అమ్మాయి లెక్క వేసుకుని, ఏడాది అనుభవం చాలుకదా అని నేరుగా కాలేజీకి పోతుంది. ఆమె తెలివిని తప్పుపట్టలేం. కానీ ఒక ఏడాదిలో ఎన్ని గుండెపోట్లు చూసి ఉంటుంది? ఎన్నిసార్లు రక్తం ఎక్కిస్తుండగా మొదటి పావుగంటలోనే రోగికి చలి పుట్టి వణకడం గమనించి సంచి ఆపి ఉంటుంది? పుస్తకంలో ఆ పావుగంట గురించి ఒక వాక్యం ఉంటుంది. వార్డులో ఆ పావుగంట మంచం పక్క నుంచి కదలకూడదని చెప్పగలిగేది దాన్ని అనుభవించిన మనిషే.

మొదట్లో ఇద్దరూ ఒకరే

ఈ విభజన నర్సింగ్‌తో పాటు పుట్టింది కాదు. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరున శిక్షణ పాఠశాల మొదలైనప్పుడు దాని సూపరింటెండెంట్ ఎవరు? ఆ ఆసుపత్రి మేట్రన్ సారా వార్డ్‌రోపరే. 1854 నుంచి ఆమె ఆసుపత్రి నర్సింగ్‌ను నడుపుతోంది. 1860 నుంచి పాఠశాలనూ నడిపింది. 1887లో విరమించే దాకా రెండూ ఆమె చేతిలోనే ఉన్నాయి. వార్డు సిస్టర్లే విద్యార్థినులకు పని నేర్పేవారు. అందుకు నైటింగేల్ నిధి నుంచి వాళ్లకు ప్రత్యేకంగా సొమ్ము కూడా అందేది. నేర్పడం కూడా పనే, దానికీ జీతం ఉండాలి అన్న సంగతి నూటఅరవై ఏళ్ల కిందటే ఒప్పుకున్నారు. ఇవాళ మన ఆసుపత్రుల్లో ఎంతమంది సిస్టర్లకు ఆ గుర్తింపు ఉంది?

మన నేల మీదా అలాగే మొదలైంది. డాక్టర్ అన్నా కూగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. 1898లో అక్కడ ఆడవాళ్లకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచారు. ఆమెకు తోడుగా వచ్చిన నర్సు కేథరిన్ ఫాస్ రోగులను చూసుకుంటూనే తెలుగు అమ్మాయిలకు పని నేర్పారు. వేలూరులో ఐడా స్కడర్ ఆసుపత్రిలో 1909లో నర్సుల శిక్షణ మొదలుపెట్టిన డీలియా హౌటన్ కూడా వార్డు నర్సే. రాయలసీమలోనైతే జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఉంది. లండన్ మిషనరీ సొసైటీ డాక్టరు టి.వి. క్యాంప్‌బెల్ పందొమ్మిదో శతాబ్దం చివర్లో అక్కడ వైద్యం మొదలుపెట్టారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానటోరియం 1915లో తెరుచుకుంది. ఈ రెండు చోట్లా ఆసుపత్రితో పాటు నర్సింగ్ బడి పెరిగింది. కడప, చిత్తూరు జిల్లాల్లో ఎన్నో కుటుంబాల్లో మొదటి ఉద్యోగస్తురాలు ఈ ఆవరణల్లో చదివిన అమ్మాయే. మిషన్ కాంపౌండులో చదువుకుని తెల్లచీర కట్టుకుని ఊరికి వచ్చిన నర్సమ్మను రాయలసీమ పల్లెలు ఎంత గౌరవంగా చూశాయో పాత తరానికి గుర్తుండే ఉంటుంది.

ఆ పద్ధతిలో లోపం లేదని కాదు. ఉంది, అదీ చిన్నది కాదు. విద్యార్థిని పేరుతో వచ్చిన అమ్మాయి చేత ఆసుపత్రి చాకిరీ చేయించుకునేది. నైట్ డ్యూటీ చేసి వచ్చి నిద్రకళ్లతో క్లాసులో కూర్చోవాలి. చదువు రెండో స్థానంలోకి పోయేది. 1946లో వచ్చిన భోర్ కమిటీ నివేదిక దేశంలో 43 వేల మందికి ఒక్క నర్సు ఉన్నట్టు లెక్క తేల్చింది. ఉన్న కొద్దిమందినీ, నేర్చుకునే పిల్లలనూ కలిపి పనిలోకి లాగడం తప్ప ఆసుపత్రులకు అప్పట్లో వేరే దారి లేకపోయింది. అదే ఏడాది ఢిల్లీలోనూ వేలూరులోనూ బీఎస్సీ నర్సింగ్ మొదలైంది. మరుసటి ఏడాది నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. చదువును చాకిరీ నుంచి విడదీయాలన్న పట్టుదల అప్పుడు న్యాయమైనదే. విద్యార్థినికి పుస్తకం, క్లాసు, విశ్వవిద్యాలయం దక్కాయి. అయితే ఆ ఊపులో అధ్యాపకురాలిని కూడా రోగి నుంచి విడదీశాం. అది ఎవరూ కోరుకోలేదు. కానీ జరిగిపోయింది.

బళ్లారిలో తిరిగిన సిస్టర్లు

కర్నూలు జిల్లా ఆలూరు దాటితే కర్ణాటకలోని బళ్లారి ఎంతో దూరం లేదు. ఆ జిల్లాలో తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడంతమంది. అక్కడా గుల్బర్గాలోనూ 2012 ప్రాంతంలో ఒక పని జరిగింది. మన రాష్ట్రంలో దాని గురించి చెప్పుకోవాల్సినంతగా చెప్పుకోలేదు.

ఆ రెండు జిల్లాల్లో 108 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను తీసుకున్నారు. సగం కేంద్రాలకు నర్సు మెంటర్లను పంపారు. ఒక్కొక్కరి కింద అయిదారు కేంద్రాలు. ఈ మెంటర్లు ప్రొఫెసర్లు కాదు, నర్సులే. కొన్ని వారాల శిక్షణ తీసుకుని బ్యాగు తగిలించుకుని ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి తిరిగారు. వెళ్లినచోట బ్లాక్‌బోర్డు ముందు నిలబడలేదు. కాన్పు గదిలోకి పోయి ట్రేలో ఏమున్నాయో చూశారు. ఆక్సిటోసిన్ ఫ్రిజ్‌లో ఉందా లేదా అడిగారు. కేస్ షీట్ తీసి ఎక్కడ ఏం రాయలేదో అక్కడి సిస్టర్‌తోనే చదివించారు. పుట్టిన బిడ్డ ఏడవకపోతే మొదటి నిమిషంలోనే మాస్కు పెట్టి ఊపిరి ఎలా అందించాలో బొమ్మ మీద చేయించారు. మెంటర్లు తిరిగిన కేంద్రాల్లో నర్సుల పరిజ్ఞానమూ, కాన్పు గది సన్నద్ధతా మిగతావాటికన్నా మెరుగయ్యాయని ఆ అధ్యయనం చూపించింది.

ఇది ఎందుకు పనిచేసిందో ఊహించడం కష్టం కాదు. తప్పు చూపించిన మనిషి కూడా రాత్రి రెండు గంటలకు కరెంటు పోయిన గదిలో కాన్పు చేసిన మనిషే. ఆమె ముందు ‘నాకు ఇది రాదు’ అనడానికి సిస్టర్‌కు సిగ్గనిపించదు. బయటి నుంచి వచ్చిన ఆఫీసరు ముందు ఆ మాట నోట రాదు.

తెలంగాణలో ఇంకో అడుగు వేశారు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్ కలిసి ప్రభుత్వ స్టాఫ్ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. కరీంనగర్ ఆసుపత్రి మొదటి వేదిక. డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ తన ఆసుపత్రిలో 2011 నుంచి నడిపిన మిడ్‌వైఫ్ చదువు దానికి పునాది. 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. అందులో మిడ్‌వైఫరీ ఎడ్యుకేటర్ అనే కొత్త మనిషి కనిపిస్తుంది. ఆరు నెలల ప్రత్యేక శిక్షణతో, కాన్పు గదిలోనే నిలబడి తర్వాతి తరాన్ని తయారుచేసే నర్సు ఆమె. కాన్పులు చూడని కాన్పుల పంతులమ్మ ఉండకూడదన్న పట్టు అందులో ఉంది.

ఈ దారిలో చాలా ముందే నడిచిన తెలుగు నర్సు డాక్టర్ ఎం. ప్రకాశమ్మ. హైదరాబాద్‌లో అకాడమీ ఫర్ నర్సింగ్ స్టడీస్‌ను నిలబెట్టి, ఏఎన్ఎంలకూ నర్సులకూ శిక్షణ ఇచ్చి, వాళ్ల పని మీద పరిశోధన చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో మాతృమరణాలు తగ్గించే కార్యక్రమం గురించి 2009లో ఆమె రాసిన వ్యాసం అంతర్జాతీయ పత్రికలో వచ్చింది. నర్సు చేతిలో సిరంజితో పాటు సుద్దముక్కా, కలమూ ఉంటే ఏమవుతుందో ఆమె జీవితం చెబుతుంది.

మూర్ఛ వచ్చిన తల్లి ముందు

ఇదంతా పెద్ద ఊళ్ల ముచ్చట, అడవి పక్కన ఊళ్లకు ఏం సంబంధం అని ఎవరైనా అడగవచ్చు. సంబంధం ఎక్కువగా ఉన్నది అడవి పక్కన ఊళ్లకే.

నెలలు నిండిన అమ్మాయి. తలనొప్పి అంటుంది, కళ్లు మసకబారుతున్నాయంటుంది, కాళ్లు పొంగాయి. ఉన్నట్టుండి మూర్ఛ వచ్చింది. దగ్గర్లో ఉన్నది చిన్న ఆరోగ్య కేంద్రం, ఒక్క నర్సు. పెద్దాసుపత్రి నంద్యాలలో. అహోబిలం నుంచి ఆళ్లగడ్డ, అక్కడి నుంచి నంద్యాల కలిపితే దాదాపు డెబ్బై కిలోమీటర్లు. 108 బండి వచ్చినా, రోడ్డు ఖాళీగా ఉన్నా గంటకు తక్కువ కాదు. ఈ గంటను తట్టుకోవాలంటే బండి ఎక్కించేలోపే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు పడాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలో జాతీయ మార్గదర్శకాలు చెప్పేది మొత్తం పది గ్రాములు. ఒక్కో పిరుదులో అయిదు గ్రాములు, కండరంలోకి లోతుగా.

ఈ మాట ప్రతి నర్సింగ్ విద్యార్థినీ పరీక్షలో రాస్తుంది, మార్కులూ తెచ్చుకుంటుంది. కానీ మూర్ఛతో కొట్టుకుంటున్న తల్లిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో నురుగు తీసి, బయట అరుస్తున్న అత్తగారికి నాలుగు మాటలు చెప్పి, చేయి వణకకుండా ఆ మోతాదు మందు లెక్కగా తీయడం పరీక్ష పేపరులో రాదు. ఆ పని చేసిన మనిషి పక్కన ఒక్కసారి నిలబడితే వస్తుంది. అందుకే ట్యూటరమ్మ కాన్పు గదిలో ఉండాలి. అది ఆమె సొంత కాన్పు గది అయి ఉండాలి. అక్కడి రోగికి ఆమె జవాబుదారీ అయి ఉండాలి. చుట్టపుచూపుగా పిల్లలను వెంటేసుకొచ్చి అటెండెన్సు తీసుకుని పోయే పద్ధతిలో ఇది కుదరదు.

ఇంకో లాభం ఉంది. రాయలసీమ పల్లెల నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు ఇంగ్లిష్ పుస్తకం మొదటి ఏడాది కొండలా కనిపిస్తుంది. రోగి మాత్రం తన యాసలో తన బాధ చెబుతాడు. ‘పానం అంతా పీకుతాంది’, ‘కండ్లు తిరుగుతాండాయి’ అంటాడు. రోజూ ఆ మాటలు విని, విన్నదాన్ని కేస్ షీట్‌లో సరైన చోట రాసే సిస్టరే అధ్యాపకురాలైతే పిల్లకు రెండూ కలిసి అర్థమవుతాయి.

ఒక్క మనిషి, రెండు డ్యూటీలు

రెండు వృత్తులూ కలిసిన ఉద్యోగం చేసే నర్సుకు రోజు ఎలా గడుస్తుంది? పొద్దున ఏడున్నరకల్లా వార్డులో ఉండాలి. నైట్ సిస్టర్ దగ్గర హ్యాండోవర్ తీసుకునేటప్పుడే విద్యార్థినులు చుట్టూ నిలబడతారు. ఏ మంచం మీద ఏం జరిగిందో విన్నాక ఒక్కొక్కరికి ఇద్దరేసి రోగులను అప్పగిస్తుంది. వైటల్స్ చూడటం, మందులు ఇవ్వడం, డ్రిప్ మార్చడం, డ్రెస్సింగ్. పిల్లలు చేస్తుంటే ఆమె చూస్తుంది. తప్పబోయిన చోట చేయి అడ్డుపెడుతుంది. మధ్యాహ్నం ఒక గంట క్లాసు. పొద్దున నాలుగో మంచం రోగికి ఏమైందో అదే పాఠం. సాయంత్రం కేర్ ప్లాన్లు దిద్దాలి. వారంలో ఒకట్రెండు రోజులు పూర్తిగా కాలేజీకి, మిగతావి వార్డుకు.

చెప్పడానికి సులువు, చేయడానికి కాదు. రెండు చోట్లా సగం సగం చేస్తుందన్న మాట ఇటు సూపరింటెండెంట్ నుంచీ అటు ప్రిన్సిపాల్ నుంచీ పడుతుంది. సెలవు ఇద్దరినీ అడగాలి. ఇంటి దగ్గర పిల్లల చదువులు, పెద్దవాళ్ల మందులు ఉంటాయి. నైట్ డ్యూటీ పడిన వారం క్లాసు ఎవరు చెప్పాలి? వీటికి మంచి మనసు ఒక్కటే జవాబు కాదు. రాతపూర్వకంగా పోస్టు ఉండాలి. గంటల లెక్క ఉండాలి. ఒకే అధికారికి జవాబు చెప్పే ఏర్పాటు ఉండాలి.

అలాంటి ఏర్పాటు అసాధ్యమేమీ కాదు. మన పొరుగున వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో నర్సింగ్ అధ్యాపకులకు ఆసుపత్రి విభాగాల్లో సేవా బాధ్యతలూ ఉంటాయి. పాఠం చెప్పేవాళ్లే ఆ వార్డు నర్సింగ్‌కూ జవాబుదారీలు. అమెరికాలో లొరెట్టా ఫోర్డ్ ఇదే పని చేశారు. కొలరాడో పల్లెల్లో పబ్లిక్ హెల్త్ నర్సుగా తిరిగిన ఆమె 1965లో పిల్లల డాక్టరు హెన్రీ సిల్వర్‌తో కలిసి నర్స్ ప్రాక్టీషనర్ చదువుకు అంకురార్పణ చేశారు. 1972లో రోచెస్టర్ విశ్వవిద్యాలయం నర్సింగ్ స్కూలుకు డీన్‌గా వెళ్లి చదువు, సేవ, పరిశోధన మూడింటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చారు. 2025 జనవరిలో 104 ఏళ్ల వయసులో కన్నుమూశారు. డాక్టరు దొరకని పల్లెలో పని చేసిన నర్సుకే ఆ ఆలోచన రావడం యాదృచ్ఛికం కాదు.

ఇంగ్లండులో పని చేస్తున్న మన తెలుగు నర్సులను అడిగితే ఇంకో సంగతి చెబుతారు. అక్కడ 2018లో వచ్చిన కొత్త ప్రమాణాల ప్రకారం విద్యార్థులను వార్డులో పర్యవేక్షించేందుకు నమోదైన ప్రతి నర్సూ సిద్ధంగా ఉండాలి. ఒకరు పర్యవేక్షిస్తే మరొకరు పరీక్షిస్తారు. మూడేళ్లకోసారి రిజిస్ట్రేషన్ నిలుపుకోవాలంటే 450 గంటల వృత్తి అనుభవం చూపించాలి. నేర్పడం అక్కడ వృత్తిలో భాగం, ఎవరో పెట్టుకున్న ముచ్చట కాదు.

మన దగ్గర రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు అయిదేళ్లలో 150 గంటల నిరంతర విద్య అడుగుతున్నారు. హాలులో కూర్చుని సర్టిఫికెట్ తీసుకుంటే ఆ గంటలు నిండుతాయి. వార్డులో అమ్మాయికి కాన్యులా పెట్టడం నేర్పిన గంటలకు కూడా ఆ పద్దులో సమానమైన చోటు దక్కాలి.

జీతం మాట

డబ్బు సంగతి దాటవేస్తే ఈ కథనం నిజాయితీగా ఉండదు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశం మీద కేంద్రం వేసిన కమిటీ ప్రైవేటు నర్సుల జీతాల మీద సిఫార్సులు చేసింది. యాభై పడకల లోపు ఆసుపత్రిలో కూడా నెలకు రూ.20 వేలకు తగ్గకూడదన్నది. రెండు వందల పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలన్నది. అమలు రాష్ట్రాల చేతిలో పెట్టారు. చిన్న పట్టణాల నర్సింగ్ హోముల్లో పని చేసే అమ్మాయిలకు ఆ సిఫార్సు కాగితం మీది మాటగానే మిగిలింది.

జీతం చాలక పగలు కాలేజీలో ట్యూటర్‌గా, రాత్రి నర్సింగ్ హోములో డ్యూటీ నర్సుగా చేసే అమ్మాయిలు ప్రతి పట్టణంలోనూ ఉంటారు. రెండు వృత్తులూ కలపడం అంటే ఇది కాదు. ఇది రెండు చోట్లా అరకొర జీతానికి ఒక మనిషిని అరగదీయడం. నిద్ర లేని నర్సు చేతిలో రోగికీ ప్రమాదమే, విద్యార్థికీ నష్టమే. కలయిక అంటే ఒక పోస్టు, ఒక జీతం, మొత్తం కలిపి ఎనిమిది గంటలు.

వార్డులో మనుషులు చాలకపోతే ఇదేదీ జరగదు. బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రుల్లో అయిదుగురికి ఒకరు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. కాలేజీలో పది మంది విద్యార్థులకు ఒక అధ్యాపకురాలు. ఈ రెండు లెక్కలూ వేర్వేరు కాగితాల మీద ఉన్నంతకాలం రెండింటా ఖాళీలు కనిపిస్తూనే ఉంటాయి. కలిపి లెక్క వేస్తే కాలేజీలోని ఎమ్మెస్సీ నర్సు వార్డుకు దక్కుతుంది. వార్డులోని అనుభవజ్ఞురాలు కాలేజీకి దక్కుతుంది. అయితే ఒక జాగ్రత్త. ఖాళీలు దాచడానికి ఒకే పేరును రెండు రిజిస్టర్లలో రాసే మోసానికి దీన్ని వాడుకోనివ్వకూడదు.

పారువేట ఊళ్లలో

ఆంధ్రప్రదేశ్‌లో పదివేలకు పైగా గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో బీఎస్సీ నర్సింగ్ చదివిన మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్లు ఉన్నారు. బీపీ, షుగర్ చూస్తారు, మందులిస్తారు, గర్భిణుల వివరాలు రాస్తారు. ఆశా కార్యకర్తకు ఏది ప్రమాద సూచనో చెప్పేదీ, బాలింతకు పాలు పట్టే తీరు చూపించేదీ వాళ్లే. హోదా లేకపోయినా ఊరికి వాళ్లు పంతులమ్మలే. నర్సింగ్ విద్యార్థినులు కమ్యూనిటీ పోస్టింగ్‌కు వచ్చినప్పుడు వాళ్లకు ఊరు చూపించేదీ చాలాసార్లు వీళ్లే. 2021 నుంచి అమలైన కొత్త బీఎస్సీ సిలబస్‌లో అయిదో సెమిస్టర్‌లో నర్సింగ్ బోధన ఒక సబ్జెక్టుగా ఉంది. అంటే పాఠం చెప్పే పద్ధతి ప్రతి బీఎస్సీ నర్సూ కొంత నేర్చుకునే వస్తుంది. దాన్ని వాడుకునే పోస్టే లేదు.

అహోబిలం చుట్టుపక్కల ఈ పోస్టుకు పని కొదవ లేదు. జ్వాలా నరసింహుడి దగ్గరికి రాళ్ల దారిలో ఎక్కే భక్తుల్లో గుండె జబ్బులు, షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఎందరో. అడవి అంచున చెంచు గూడేలున్నాయి. నరసింహుడి దేవేరి చెంచులక్ష్మి తమ ఆడబిడ్డేనని చెప్పుకునే ఆ జనం దగ్గరికి వైద్యం ఇంకా సరిగా నడిచి రావడం లేదు. సంక్రాంతి మరునాడు కనుమతో మొదలై దాదాపు నలభై రోజులు స్వామి పారువేటకు బయలుదేరి పల్లెపల్లెకూ పోతాడు. ఊరు ఊరంతా ఒక చోట చేరే ఆ రోజుల్లో పల్లకి ఆగిన ప్రతి ఊళ్లోనూ ఒక నర్సు అధ్యాపకురాలు పది మంది విద్యార్థినులతో కూర్చుని బీపీ చూస్తే, రక్తహీనత ఉన్న ఆడపిల్లల పేర్లు రాసుకుంటే, తర్వాత ఆ ఇళ్లకు మళ్లీ వెళ్తే ఎంత మేలు! పిల్లలకు కమ్యూనిటీ నర్సింగ్ అంతకన్నా బాగా ఏ క్లాసులో వస్తుంది?

అవకాశం ఇప్పుడే ఉంది. 1956లో మొదలైన కర్నూలు మెడికల్ కాలేజీకి తోడు నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల తెరుచుకుంది. కర్నూలులో ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ ఉంది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం 2023లో వచ్చింది. కొత్త నియమాలు రాసుకునే సమయం ఇది. రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ ముందుగా కర్నూలు, నంద్యాల ఆసుపత్రుల్లో కాన్పు వార్డు, పిల్లల వార్డు, ఐసీయూ ఈ మూడు చోట్ల సేవ, బోధన కలిసిన పోస్టులు సృష్టించాలి. వార్డు అనుభవాన్ని ప్రొఫెసర్ అర్హతలో ఏడాదికి ఏడాదిగా లెక్కించాలి. విద్యార్థులకు నేర్పే సిస్టర్‌కు విడిగా భత్యం ఇవ్వాలి. నర్సింగ్ చదువుతున్న అమ్మాయిలు, వాళ్ల తల్లిదండ్రులు కాలేజీలో చేరేముందు ఒక్క ప్రశ్న అడగండి: ఇక్కడ పాఠం చెప్పే మేడమ్ వారంలో ఎన్ని రోజులు వార్డులో పని చేస్తారు?